తొమ్మిదేళ్ళ ప్రొబేషన్

నా ఉద్యోగం పేరు ప్రొబేషన్ ఆఫీసర్. ఈ పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయన జన్మలో అద్దె ఇంటి కోసం తిరిగి ఉండడు.

చిన్న నేరం చేసి మొదటిసారి దొరికిన వాళ్ళను కోర్టు ఒక్కోసారి జైలుకు పంపకుండా, మంచిగా ఉంటామని బాండు రాయించుకుని వదిలేస్తుంది. గడువు ముగిసేదాకా వాళ్ళు నెలనెలా నా దగ్గరకొచ్చి సంతకం పెట్టాలి. పనికి వెళ్తున్నారా, తాగుతున్నారా, ఇంట్లో గొడవలున్నాయా అని నేను కనిపెట్టి చూస్తుండాలి. పోర్ట్ బ్లెయిర్‌లో తొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్న కొలువు ఇదే.

విశాఖలో మా చుట్టాల దృష్టిలో నేను డబ్బున్నదాన్ని. "నీకేమే, దీవుల అలవెన్సు కూడా ఇస్తారు" అంటారు. ఇస్తారు. వచ్చినట్టే వచ్చి అది కూరల సంచిలోకి దూరిపోతుంది. ఇక్కడ ఏ ధర పెరిగినా చెప్పే కారణం ఒక్కటే, ఓడ రాలేదని. టమాటా పెరిగితే ఓడ రాలేదు, ఉల్లిపాయ పెరిగితే ఓడ రాలేదు. సరే, అవి సముద్రం దాటి రావాలి కాబట్టి నోరు మూసుకుంటాను. మొన్న మా టైలరు జాకెట్టు కుట్టుకూలి పెంచి, "క్యా కరేఁ దీదీ, ఓడ రాలేదు కదా" అన్నాడు. బట్ట నాది, దారం నాది, హుక్కులు కూడా నావే. ఇంక ఏ ఓడ రావాలయ్యా అంటే నవ్వి, టేపు తీసి కొలతలు మొదలుపెట్టాడు.

ఇంటద్దెది మరో భాగోతం. ఇంటద్దె అలవెన్సు లెక్కలో ఈ ఊరు చిన్న ఊరు. ఇళ్ళవాళ్ళ లెక్కలో మాత్రం మహానగరం. ఇన్నేళ్ళూ ఆడవాళ్ళ హాస్టల్లో ఒక మంచం, ఒక బీరువాతో నెట్టుకొచ్చాను. మా ఆయనా, ఐదేళ్ళ పాపా విశాఖలో మా అత్తగారి దగ్గరుండేవాళ్ళు. నిరుడు ఆయన కంపెనీ ఇంటి నుంచే పని చేసుకోవచ్చంది. ఈ ఏడాది పాపకు ఇక్కడి బళ్ళో సీటూ దొరికింది. ఓడ టికెట్లు కొనేశాం. ఇల్లొక్కటే దొరకలేదు. హాస్టల్లోకి మగవాళ్ళనూ పిల్లలనూ రానివ్వరు. టికెట్లు రద్దు చేసుకుంటే సీటు పోతుంది, పాప ఇంకో ఏడాది నాకు ఫోన్లోనే పెరుగుతుంది. ఆ ఆలోచన వస్తే నాకు అన్నం సహించేది కాదు.

పదిహేను ఇళ్ళు చూశాక, నా జీతానికి అందే ఇల్లు మిడిల్ పాయింట్ పేటలో ఒక్కటి కనబడింది. మేడ మీద రెండు గదులు. ఇంటావిడకు డెబ్బై దాటాయి. పుట్టింది ఇక్కడే, తాతలది శ్రీకాకుళం వైపు. భర్త చాతం కలప మిల్లులో పనిచేసి పోయాడు. ఒక్కర్తే ఉంటోంది.

"ఏటి నౌకరీ అమ్మా?" అని అడిగింది.

"ప్రొబేషన్ ఆఫీసర్నండీ మామ్మగారూ."

"అచ్ఛా. పర్మనెంటు ఎప్పుడవుద్ది?"

నేను ప్రొబేషన్‌లో లేనని, ప్రొబేషన్ ఆఫీసర్నని చెప్పాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"ప్రొబేషనోలకి నాను ఇల్లివ్వను. ఎల్లినసారి ఒక మేస్టరికిచ్చాను. పర్మనెంటు కాలేదని సెప్పకుండా జహాజెక్కీసినాడు. కరెంటు బిల్లు నాకొదిలీసినాడు."

"మామ్మగారూ, నాది పర్మనెంటే. తొమ్మిదేళ్ళ సర్వీసు."

ఆవిడ బుగ్గన చెయ్యి పెట్టుకుంది. "తొమ్మిదేళ్ళ నుంచీ ప్రొబేషనేనా? అంత తప్పు ఏటి సేసినావమ్మా?"

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన అంటాడు. అది నిజమే. ఆ రోజు దాన్ని మింగి, మర్నాడు ఆఫీసు నుంచి నన్ను ఖాయం చేసిన ఉత్తర్వు కాపీ పట్టుకెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు తుడుచుకుని ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంది. ప్రొబేషన్ ఆఫీసర్, కన్ఫర్మ్‌డ్ అనే మాటల దగ్గర వేలు ఆగింది.

"అంటే నువ్వు పక్కాగా ప్రొబేషన్‌లోనే ఉంటావని సర్కారు రాసిచ్చీసింది" అంది జాలిగా. లోపలికెళ్ళి గిన్నెతో చేపల కూర తెచ్చి నా చేతిలో పెట్టింది. "తిను తల్లీ. ఆ సర్కారోల జీతంతో ఏటి తింటున్నావో ఏటో."

కూర బాగుంది. అందుకు నాకు ఇంకా ఒళ్ళు మండింది.

మావాళ్ళ ఓడకు ఇంక నాలుగు రోజులుందనగా మళ్ళీ వెళ్ళి, నేను చేసే పనేమిటో మొదటి నుంచి చివరిదాకా విడమరిచి చెప్పాను. ఆవిడ నోరు తెరుచుకుని వింది. "అయితే దొంగలొస్తారా నా ఇంటికి?" అంది.

"వాళ్ళు రారండీ. నేనే వాళ్ళ ఇళ్ళకు వెళ్తాను."

"దొంగల ఇంటికి నువ్వెల్తావా?" అని కుర్చీ వెనక్కి జరుపుకుంది. దీనికన్నా ఆవిడ దృష్టిలో పర్మనెంటు కానిదానిలా ఉండిపోయినా బాగుండేది. నా నోటికి తాళం వేసే వాళ్ళు లేకపోయారు.

సరిగ్గా అప్పుడే ప్లంబరు పానా పట్టుకుని ట్యాంకు దగ్గర నుంచి మెట్లు దిగి వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి. ఇక్కడ నీళ్ళు రోజు విడిచి రోజొస్తాయి కాబట్టి ప్లంబరంటే ఇంట్లో మనిషి కింద లెక్క. అతన్ని చూడగానే గుర్తుపట్టాను. మూడేళ్ళు నా దగ్గర సంతకాలు పెట్టిన మనిషి. అతని గడువు నిరుడే ముగిసింది. బయట కనిపిస్తే వాళ్ళు పలకరించేదాకా మేం గుర్తుపట్టకూడదు, అది మా పద్ధతి. నేను గోడ మీది క్యాలెండరు శ్రద్ధగా చదవడం మొదలుపెట్టాను.

"ఈడినడుగుతానుండు" అంది ఆవిడ. "నా ఇంటి తాళాలన్నీ ఈడి కాడే ఉంటాయి. నాయనా, ఈయమ్మ దొంగల ఆఫీసరంట. ఇల్లియ్యొచ్చా?"

తెలీదని చెప్పవయ్యా బాబూ అని లోపల మొక్కుకున్నాను. నోరు విప్పితే మిడిల్ పాయింట్‌లో ఒక్కరూ అతన్ని మళ్ళీ పనికి పిలవరు. అతను పానా కింద పెట్టాడు.

"మేడమ్ నాకు తెలుసు మామ్మా. మూడేళ్ళు నెలనెలా ఈవిడ కాడికే ఎల్లాను. నీళ్ళ మోటారు ఎత్తుకెల్లిన కేసు."

ఆవిడ అతన్ని చూసింది. తర్వాత వరండాలో ఉన్న తన మోటారును చూసింది. ఎందుకో నేను కూడా దాన్నే చూశాను.

"ఎవల మోటారు?"

"కాంట్రాక్టరుది. వాపస్ ఇచ్చీసినాను."

"ఎన్ని హార్స్‌పవరు?"

"ఒకటి."

"నాది అర పవరే" అంది ఆవిడ, కాస్త స్థిమితపడి. "ఈయమ్మ నిన్నేటి సేసింది?"

"కూకోమని కుర్సీ ఇచ్చీది. లేటుగా ఎల్తే తిట్టీది. దొంగా అని ఒక్కరోజూ అన్లేదు."

ఆవిడ కళ్ళజోడు సర్దుకుంది. ఆఖరికి తీర్పు చెప్పింది. "అయితే నీ ప్రొబేషన్ అయిపోనాది. నువ్వు పర్మనెంటు. ఈయమ్మదే ఇంకా అవ్వలేదు."

"అవునండీ" అన్నాను. ఇంక వివరించే ఓపిక నాకు లేదు.

"నువ్వు జామీను ఉంటే ఇస్తాను" అంది అతనితో. అతను సరేనన్నాడు. ఆవిడ తెలుగులో చెబుతుంటే, తెలుగు రాయడం రాని అతను హిందీలో ఒక కాగితం రాశాడు. కిరాయిదారు మంచిగా ఉంటుంది, చెప్పకుండా ఓడెక్కదు, కరెంటు బిల్లు కడుతుంది. రెండేళ్ళు అలా ఉంటే నన్ను పర్మనెంటు చేస్తారట. కింద అతను జామీనుగా సంతకం చేసి కాగితం నా వైపు తిప్పాడు. పెట్టాల్సిన చోట వేలు ఆనించి, "ఇక్కడ, మేడమ్" అన్నాడు.

తొమ్మిదేళ్ళుగా ఆ వేలు నాది. బల్లకు ఇవతల కూర్చుని రోజుకు ఎంతమందికి అలా చూపించి ఉంటానో. అటువైపు నుంచి ఎలా ఉంటుందో ఒక్కనాడూ అనుకోలేదు. నేను మంచిదాన్నని ఇంకొకరు పూచీ పడితే తప్ప నమ్మరన్నమాట. ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్నే చూస్తోంది. నాకు సిగ్గేసింది. కలం పట్టుకుని కాగితం మళ్ళీ మొదటి నుంచి చదవసాగాను.

అతను నా వైపు కొద్దిగా వంగి, ఆవిడకు వినబడకుండా అన్నాడు. "మొదటి సంతకమే కష్టం మేడమ్. తర్వాత అలవాటైపోద్ది."

సంతకం పెట్టి తాళం తీసుకున్నాను. గేటు దాటుతూనే మా ఆయనకు ఫోన్ చేసి, ఇద్దరూ బయలుదేరండి అన్నాను.