మావయ్యగారింట్లో బ్యాకప్

ఆ రోజుల్లో కంప్యూటరు చెడిపోతే తప్పు కంప్యూటరుదే అనుకునేవారు. వైరస్ వచ్చిందనో, కరెంటు హెచ్చుతగ్గులనో, కంపెనీ మంచిది కాదనో చెప్పుకుని సమాధానపడేవారు. నేను మాత్రం మొదట్నించీ వేరే అభిప్రాయంలో ఉన్నాను. కంప్యూటర్లు చెడిపోవు, మనుషులు చెడగొడతారు. ఇది నా సొంత తెలివి కాదు, కొత్తపేట గ్రంథాలయంలో అట్ట ఊడిపోయిన ఒక పుస్తకంలో చదివాను. డిగ్రీ మధ్యలో వదిలేసి ఎరువుల కొట్టులో బిల్లులు రాస్తున్న నాకు సాయంత్రం పూట ఆ గ్రంథాలయమే కాలేజీ. కంప్యూటరు సంరక్షణ మీద ఉన్న ఆ పుస్తకాన్ని నేను తప్ప ఎవరూ ఇంటికి తీసుకెళ్లిన దాఖలా లేదు. రాసినాయన మహా పండితుడు. హార్డ్ డిస్కుని 'కఠిన ఫలకం' అన్నాడు. నేను కూడా ఇంట్లో అలాగే అనేవాడిని. మన కఠిన ఫలకం జాగ్రత్తగా చూసుకోవాలని ఒకరోజు భోజనాల దగ్గర చెబితే, నాన్నగారు అదేదో మూత్రపిండాల జబ్బు అనుకుని నాకు బార్లీ నీళ్లు కాచి ఇమ్మని అమ్మకి పురమాయించారు.

ఆ పుస్తకంలో ఉన్న జాగ్రత్తలన్నీ మా ఇంట్లో అమలు చెయ్యాలని చూశాను. చూశాను అనే అనాలి. దుమ్ము దులపమంటే అమ్మ తడిగుడ్డ పెట్టి తుడిచేది. చీమలు పడుతున్నాయని నేనంటే, నేను కొట్టుకెళ్లిన సమయం చూసి, గాలి ఆడడానికి పెట్టిన కన్నాల్లోంచి చీమలమందు లోపలికి పోసింది (చీమలు పోయిన మాట నిజమే, దాంతోపాటు ఫ్యానూ పోయింది). నాన్నగారి సంగతి ఇంకా ఘోరం. ఎక్కడో అంతర్వేది వైపు సముద్రం మీద ఉరుము వినపడితే చాలు, లేచి వెళ్లి మెయిన్ దింపేసేవారు. కంప్యూటరు నడుస్తూ ఉందని నేను గదిలోంచి కేక వేస్తే, "అందుకేరా దింపేను" అని జవాబు. షట్‌డౌన్ చెయ్యకుండా కరెంటు తీసేయడమంటే పరిగెత్తేవాడి కాళ్లకి అడ్డంగా కర్ర పెట్టడం లాంటిదని బతిమాలి చెప్పాను, కోప్పడి చెప్పాను, పుస్తకం తెరిచి వేలు పెట్టి మరీ చూపించాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని ఆ పేరా మొత్తం చదివి, "ఈ రాసినాయనకి పిడుగంటే ఏంటో తెలిసున్నట్టు లేదు" అని పుస్తకం మూసేశారు.

ఇంత కోపం నాకెందుకంటే, ఆ కంప్యూటర్లో నాది కాని సొత్తు ఉంది. మా బాబాయి, అంటే నాన్నగారి తమ్ముడు, మస్కట్‌లో క్రేను నడిపేవాడు. పిన్ని కడుపుతో ఉండగా వెళ్లాడు. బుజ్జి పుట్టి, బోర్లాపడి, పాకి, నడక కూడా నేర్చేసింది. బాబాయి దాన్ని కళ్లతో చూడలేదు. అప్పుడప్పుడూ ఒక ఫొటో పంపగలిగేవాళ్లంతే. వీడియో పంపాలంటే అప్పటి మా ఊరి ఇంటర్నెట్ సగం దారిలో చేతులెత్తేసేది. ఊరివాళ్లెవరో సెలవు మీద వస్తుంటే వాళ్ల చేత బాబాయి ఒక చిన్న కెమెరా పంపించాడు. పిన్ని దాన్ని మెడలో వేసుకునే తిరిగేది. బుజ్జికి పన్ను వస్తే కెమెరా, బుజ్జి గడప దాటితే కెమెరా, గోడ మీది బాబాయి ఫొటో చూపించి "నాన్న" అనిపించినప్పుడు కెమెరా. కార్డు నిండిపోగానే నా దగ్గరికి తెచ్చేది. నేను అంతా కంప్యూటర్లోకి ఎక్కించి, కార్డు ఖాళీ చేసి తిరిగి ఇచ్చేవాడిని. "పోదుగా?" అని ప్రతిసారీ అడిగేది. "నా దగ్గరున్నాక ఎలా పోద్ది పిన్నీ" అనేవాడిని.

అది ఉత్త మాట కూడా కాదు. పుస్తకంలో చెప్పినట్టే రెండు ప్రతులు చేశాను. ఒకటి అదే కంప్యూటర్లో డి అనే భాగంలో పెట్టాను. రెండోది డీవీడీ మీద రాసి ఇంటి బయట పెట్టాలని నిర్ణయించాను. వరదో దొంగతనమో అగ్నిప్రమాదమో జరిగితే ఒకే ఇంట్లో ఉన్న ప్రతులన్నీ ఒకేసారి పోతాయి కాబట్టి ఒకటి వేరే ఊళ్లో ఉండాలన్నది పండితుడి మాట. వేరే ఊరంటే నాకు వాడపల్లిలో మా మావయ్య, అమ్మకి అన్నగారు, గుర్తొచ్చాడు. వెళ్లి డీవీడీ చేతిలో పెడితే, వెనక్కీ ముందుకీ తిప్పి అందులో తన ముఖం చూసుకుని, ఏ సినిమా అని అడిగాడు. సినిమా కాదు, బ్యాకప్ అన్నాను. అంటే ఏంటన్నాడు. గ్రంథాలయ జ్ఞానం అంతా ఉపయోగించి, వీలైనంత తేలిక మాటల్లో చెప్పాను.

"అసలుది బాగున్నంతకాలం దీంతో మనకేం పనిలేదు మావయ్యా. ఇది ఉండాలంతే."

"పనిలేకపోయినా ఉండాలంటావు."

"ఆయ్."

"సరే. ఉంటది" అన్నాడు.

ఆ సంవత్సరం వానాకాలం మొదట్లోనే, ఉరిమిందో లేదో కూడా తెలియని ఒక ఉరుముకి నాన్నగారు మెయిన్ దింపారు. మళ్లీ ఎత్తాక కంప్యూటరు లేవలేదు. నేను ఇంట్లో ఉంటే ఏదో ఒకటి చేసేవాడినే. నేను కొట్టులో ఉన్నాను. తనవల్ల పోయిందని నాకు తెలిస్తే ఇల్లెగిరిపోతుందని నాన్నగారు చడీచప్పుడూ లేకుండా ఆ పెట్టెని ఆటోలో వేసుకుని పట్నం తీసుకెళ్లారు. అక్కడొక మెకానిక్కు (అతని పేరు నాకు తెలియదు, తెలుసుకోవాలని కూడా లేదు) సాయంత్రానికల్లా బాగుచేసి ఇచ్చేశాడు. నేను ఇంటికొచ్చేసరికి నాన్నగారు కంప్యూటరు ముందు కుర్చీ వేసుకుని చిరునవ్వుతో కూర్చున్నారు. ఎంత తొందరగా వెలుగుతోందో చూడమన్నారు. చూశాను. చక్కగా వెలుగుతోంది. లోపల మా ఇంటి ఆనవాలన్నదే లేదు.

ఫోను చేసి ఆ మెకానిక్కుని అడిగాను. చాలా మర్యాదస్తుడు, అదొక బాధ. "పాతదంతా తుడిచేసి కొత్తగా ఏసేనండి. అందులో సి అని, డి అని రెండు గదులున్నాయండి. ఇరుగ్గా ఉంటది కదాని మధ్య గోడ తీసేసి ఒకటే హాలు చేసేసేనండి" అన్నాడు. డి గదిలోనే నా మొదటి ప్రతి ఉందని, ఒకే పెట్టెలో గోడ కట్టి అవతల దాచిన దాన్ని ప్రతి అనకూడదని నాకప్పుడు తట్టింది. కానీ కోపంలో ఉన్నవాడికి తట్టినవన్నీ ఒప్పుకోవాలనేం లేదు. నాన్నగారి మీద విరుచుకుపడ్డాను. మీ ఉరుము వల్లే అన్నాను. అడక్కుండా ఎలా పట్టుకెళ్లారన్నాను. ఆయన మాత్రం ఊరుకుంటారా. ఇంట్లో వస్తువు ఇంటాయన తీసుకెళ్లడానికి సంతకాలు కావాలా అన్నారు. అమ్మ మధ్యలోకి వచ్చి ఇద్దర్నీ తిట్టింది. ఈ గొడవంతా గుమ్మంలో నిలబడి వింటున్న పిన్నిని మేమెవరమూ చూడలేదు. చంకలో బుజ్జి ఉంది. బాబాయికి సెలవు దొరికిందనీ, వచ్చే వారమే దిగుతున్నాడనీ ఆ పొద్దున్నే ఫోనొచ్చింది.

"దీనికేం రాసేరు నీ పుస్తకంలో?" అంది పిన్ని.

గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. రెండో ప్రతి ఉంది పిన్నీ, వాడపల్లిలో, మావయ్య దగ్గర భద్రంగా ఉంది అన్నాను. తప్పు తనదని తెలిసినా నాన్నగారికి నోరు ఆగలేదు. "వరదొస్తుందని భయమేసి పట్టుకెళ్లి గోదారి గట్టున దాచేడు మనవాడు" అన్నారు.

మర్నాడు శనివారం. నేనొక్కణ్ణీ వెళ్లి తెస్తానంటే పిన్ని ఒప్పుకోలేదు, నీ చేతికి ఇంక ఏదీ ఇవ్వనని తనూ బయలుదేరింది. శనివారం వాడపల్లి ఆటో ఎక్కడమంటే స్వామి దర్శనానికి వెళ్లే జనం మధ్య ఒంటికాలి మీద ప్రయాణం. దారి పొడుగునా పిన్ని నాతో మాట్లాడలేదు. పక్కనున్న ముసలమ్మ మీ అబ్బాయా అని అడిగితే, "కాదండి, మా బావగారబ్బాయి, బాగా చదువుకున్నాడండి" అంది. నా జీవితంలో నన్నెవరూ అంత గట్టిగా తిట్టలేదు.

మావయ్య ఎదురొచ్చి మంచినీళ్లిచ్చి, ఆ డిస్కు కోసం వచ్చామని విని, "దానికింత కంగారెందుకమ్మా, ఎక్కడికి పోద్ది, ఉంది" అన్నాడు. నా ప్రాణం లేచొచ్చింది. లోపలికెళ్లి బీరువా తెరుస్తాడనుకుంటే దొడ్లోకి నడిచాడు. పాక దాటాడు, పశువుల శాల దాటాడు, జామచెట్టు కింద ఆగి పైకి చూపించాడు. నైలాను తాడుకి కట్టి ఉంది నా రెండో ప్రతి. గోదారి గాలికి గిర్రున తిరుగుతూ, ఎండలో కళ్లు పోయేలా మెరుస్తోంది.

"చిలకలు బతకనివ్వట్లేదురా. పాత డిస్కులు రెండు కడితే వాటికి లెక్కలేదు. నీదానికి మంచి మెరుపుంది. ఇది కట్టేక ఒక్క చిలక వాలితే ఒట్టు" అన్నాడు మావయ్య, మెచ్చుకోలుగా.

నా నోటికి ఏమొచ్చిందో ఇప్పుడు రాయలేను. పెద్దంతరం చిన్నంతరం లేకుండా అరిచాను. మావయ్య నా అరుపంతా ఓపిగ్గా విని, "నువ్వే కదరా దీంతో పనిలేదన్నావు. ఉండాలంతే అన్నావు. ఉంది కదా" అన్నాడు. ఆ మాటకి జవాబు ఆ రోజూ దొరకలేదు, ఈ రోజూ దొరకలేదు. అందుకే ఇంకా కోపం.

పిన్ని నెమ్మదిగా ఒక అడుగు ముందుకేసింది.

"అన్నయ్యగారూ, మీ జామకాయలకి నా కూతుర్ని కాపలా పెట్టేరండీ" అంది.

మావయ్యకి అప్పుడు అర్థమైంది. ముఖం నల్లబడిపోయింది. నిచ్చెన తెస్తానన్నా ఆగకుండా, ఆ వయసులో తనే చెట్టెక్కి, ముడి విప్పి, దిగి, డీవీడీని భుజం మీది తువ్వాలుతో గుండ్రంగా తుడవబోయాడు. గుండ్రంగా తుడవకూడదు, మధ్యనుంచి అంచుకి తుడవాలని నేను మళ్లీ అరిచాను. పిన్ని మా ఇద్దరి వైపూ చూడకుండా దాన్ని లాక్కుని, పైట కొంగులో చుట్టుకుని ఆటో వైపు నడిచింది.

ఇంటికొచ్చి పెడితే లోపల దస్త్రాల పేర్లన్నీ కనిపించాయి. పన్ను, పాకడం, గడప, నాన్న అనడం. పేరు మీద నొక్కితే మాత్రం ఏదీ తెరుచుకోదు. ఎండకి ఎండి, వానకి తడిసి, పైపొర బుడగలెత్తిపోయింది. రోజూ కూర్చున్నాను, నాకు తెలిసిన ప్రయోగాలన్నీ చేశాను. ఒక్కటి తెరుచుకుంది, అదీ సగం. బుజ్జి మొదటిసారి నడిచిన రోజుది. వసారాలో స్తంభం వదిలి, తూలుతూ కెమెరా వైపు వస్తుంది. "రా, నాన్న దగ్గరికి రా" అని పిన్ని గొంతు వినిపిస్తుంది. రెండు చేతులూ చాచి దగ్గరికొచ్చేసి, ఇంక అందుకుంటుందనగా బొమ్మ ఆగిపోతుంది. దాన్ని చూసి పిన్ని లేచింది. వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తోముకుంది, తోమినవే మళ్లీ తోముకుంది.

బాబాయి వచ్చాడు. పెట్టెలు దించకుండానే బుజ్జి కోసం చేతులు చాచాడు. అది గుక్కపట్టి ఏడ్చి పిన్ని కుచ్చిళ్లలో దూరిపోయింది. గోడ మీది ఫొటోని నాన్న అంటుంది గానీ ఎదురుగా ఉన్న మనిషిని కాదు. బొమ్మలిచ్చినా రాదు, చాక్లెట్టిచ్చినా తీసుకుని పారిపోతుంది. రెండు రోజులు చూశాడు. మూడో రోజు, వీడియోలేవో తీసేరంట కదా అని అడిగాడు. జరిగిందంతా కోపంగా, ఎవరెవరి తప్పు ఎంతో వివరంగా చెప్పాను. మిగిలింది వెయ్యమన్నాడు.

వేశాను. బుజ్జి తెర మీద తనని తాను చూసి ఎక్కడున్నదో అక్కడ నిలబడిపోయింది. "బుజ్జీ" అని తెర వైపు వేలు చూపిస్తూ వచ్చి, కనపడక, బాబాయి మోకాలు పట్టుకుని మునివేళ్ల మీద లేచింది. బొమ్మ ఆగిపోయింది. అది మోకాలు వదిలేసి వెళ్లబోయింది.

"మళ్లీ వెయ్యరా" అన్నాడు బాబాయి.

మళ్లీ వేశాను. మళ్లీ వచ్చి మోకాలు పట్టుకుంది. మళ్లీ వెయ్యమన్నాడు. ఎన్నిసార్లు వేసినా అక్కడే ఆగుతుంది బాబాయ్, మిగతాది ఇంక రాదు అన్నాను. వెయ్యమన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అసలే దెబ్బతిన్న డిస్కు, ముందు కాపీ చేసుకోనివ్వాలి, ఇలా అరగదీస్తే ఉన్న ముక్క కూడా పోతుంది, పుస్తకంలో స్పష్టంగా రాశారు అని వాదించాను. "నువ్వు ఊరుకోరా, వెయ్యి" అన్నాడు తెర వైపు చూడకుండానే. ఆయన చూపంతా మోకాలి మీదున్న చేతి మీద ఉంది. నాలుగోసారికో అయిదోసారికో, సరిగ్గా కనపడాలని, బుజ్జి తనంతట తనే ఎక్కి ఆయన ఒళ్లో కూర్చుంది. వంటింటి గుమ్మంలో పిన్ని చేతిలో గిన్నెతో అలాగే నిలబడింది. నేను మాత్రం డీవీడీ ఆయుర్దాయం గురించి ఇంకా చెబుతూనే ఉన్నాను.

ఇప్పుడా ముక్కకి నా దగ్గర చాలా ప్రతులున్నాయి, అన్నీ వేరువేరు చోట్ల, అన్నిటిమీదా చిన్నపిల్లకి కూడా అర్థమయ్యే తెలుగులో పేరు రాసి ఉంది. ఎప్పుడైనా తెరిచి చూస్తే, తెర మీది బుజ్జికంటే తెర పక్కన మౌస్ పట్టుకుని రుసరుసలాడుతూ నిలబడ్డ ఆ కుర్రాడే నా కళ్లకి కడతాడు. దగ్గరికి వెళ్లి, కాసేపు నోరు మూసుకుని అటు చూడరా అబ్బాయ్ అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు. అచ్చులో ఉంటే తప్ప ఏదీ నమ్మే రకం కాదు వాడు.