రజిని పేరు మీద పడ్డ డబుల్ ఎంట్రీలు

రజిని పుట్టి పెరిగింది బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోనే. ఊరి పక్కనే తిఫ్రాలోని ఒక గ్యాస్ ఏజెన్సీలో కంప్యూటర్ ఆపరేటర్ పని దొరికింది. తండ్రి మంచం పట్టాక ఇల్లు ఆ పని మీదే నడిచేది. పక్క టెర్మినల్ నాది.

తొంభై ఆరులో కంప్యూటర్‌లోని వినియోగదారుల టేబుల్‌లో ఒకే మనిషికి రెండేసి వరసలు పడసాగాయి. రెండుంటే దొంగ కనెక్షనని సిలిండర్ ఆపేసేవారు. కౌంటర్ దగ్గర ఆడవాళ్ళ తిట్లు.

"ఇంకోసారి డబుల్ పడిందా, నీ ఉద్యోగం ఛుట్టీ!" అని రజినినే పట్టుకున్నాడు ఏజెన్సీ యజమాని సేఠ్. ఎక్కువ ఎంట్రీలు కొట్టేది ఆమే మరి.

ఆమె ఆ వరసలన్నీ టైము ప్రకారం తీసింది. ప్రతి జంటలో మొదటిది టీకి కాస్త ముందు, రెండోది టీ తర్వాత.

సూపర్‌వైజర్ నాగభూషణం రైల్వే లోకో షెడ్‌లో రిటైరైన మనిషి. మనిషి లేని మిషన్‌కి కరెంటు ఉండకూడదన్నది షెడ్ రూలు. అందరూ టీకి లేవగానే టెర్మినళ్ళ మెయిన్ స్విచ్ కట్టేసేవాడు. లోపల బ్యాటరీ మీద నడిచే సర్వర్‌కి ఆ సంగతి తెలియదు. చచ్చిన టెర్మినల్ కనెక్షన్లు బతికే ఉన్నాయనుకుని, ఇంకెవరూ రాయకుండా టేబుల్‌ని వాటి కోసం పట్టి ఉంచేది. తిరిగొచ్చి స్విచ్ వేస్తే తెరలు బిగుసుకుపోయేవి. సేవ్ అయిందో లేదో తెలియక మేం అదే ఎంట్రీ మళ్ళీ కొట్టేవాళ్ళం. మొదటిది అప్పటికే పడి ఉండేది, సర్వర్ పట్టు వదలగానే రెండోదీ పడేది.

"బాబాయ్, అందరూ లాగౌట్ అయ్యాకే స్విచ్ కట్టు" అంది రజిని.

"ఏటే, షెడ్‌లో తలనెరిసినోడికి నువ్వు స్విచ్ నేర్పుతావేటి?"

మర్నాడు ఆమె ఒక ఎంట్రీ సేవ్ కొట్టింది. ఆయన స్విచ్ కట్టేశాడు. ఆయన్నీ నన్నూ సర్వర్ గదిలోకి లాక్కెళ్ళి చూపించింది. ఆ వరస పడే ఉంది. చచ్చిన కనెక్షన్లూ వేలాడుతూనే ఉన్నాయి.

"చూశావా బాబాయ్?" అంది.

"అచ్ఛా... సేఠ్‌తో మాత్రం నీ సెయ్యే తప్పిందని సెప్పీయే. ఆడపిల్లవని ఒగ్గేస్తాడు. ఈ వయసులో నన్నెవడు పనిలో ఉంచుకుంటాడు?"

"మరి నన్నెవరు పనిలో ఉంచుకుంటారు బాబాయ్?"

ఆమె సేఠ్‌కి నిజమే చెప్పింది. నాగభూషణం తనకేమీ తెలియదన్నాడు. నేను చూసింది చెబితే సేఠ్ నా మొహం కూడా చూడలేదు. పెద్దాయన మీద నింద వేసిందని ఆమెను ఆ సాయంత్రమే పంపేశాడు.

ఆ తర్వాత నాగభూషణం గుట్టుగా ముందు అందరి చేతా లాగౌట్ చేయించసాగాడు. డబుల్ ఎంట్రీలు ఆగిపోయాయి.

"దేఖా? ఆ పిల్ల పోగానే రోగం పోయింది" అని సేఠ్ వచ్చినవాళ్ళందరికీ చెప్పుకునేవాడు.