నేలమీద పెట్టిన కాగితాలు

"ఆ మేడం దగ్గర మాత్రం వద్దు."

"ఎందుకు వద్దో చెప్పవ్వా. ఊరికే వద్దు వద్దంటే ఎట్టా?"

"నేను చెప్తే చాలదా నీకు? ఆ డిపార్ట్‌మెంటులో పద్దెనిమిదేండ్లు చీపురు పట్టినదాన్ని. ఎవురు ఎట్టాంటోళ్ళో నాకు తెలీదా?"

"నువ్వు రూములు ఊడ్చినావు. వాళ్ళ రీసెర్చి ఊడ్చలేదు గదా!"

వంటింట్లోంచి నా కోడలు గొంతు పెంచింది. "అత్తా, పొద్దున్నే పిల్ల పోవాల. ఇప్పుడు దాన్ని ఏడిపించబాకండి."

ముదలియార్‌పేటలో మా ఇంట్లో, దీపాలు పెట్టే వేళకు మొదలైన గొడవ ఇది. అప్పటికే అరగంట దాటింది. నా కొడుకు కూతురు సైకాలజీ ఎమ్మెస్సీ ముగించింది. మరునాడు పదకొండు గంటలకు పీహెచ్‌డీ సీటు కోసం ఇంటర్వ్యూ. పోయేటప్పుడు ఒక ఫారం తీసుకుపోవాలి. ఏ ప్రొఫెసర్ కింద చదవాలని ఉందో ఆ పేరు అందులో రాయాలి. ఆ ప్రొఫెసర్ ఒప్పుకుని కింద సంతకం పెడితేనే సీటు. పేరు రాయాల్సిన గీత ఇంకా ఖాళీగా ఉంది. నా మాట కాదని రాయడానికి పిల్లకు చెయ్యి రావడం లేదు. నేను నా మాట వెనక్కి తీసుకునే రకం కాను.

పిల్ల ఫోను తీసి డిపార్ట్‌మెంటు వాళ్ళ పేర్లు చదవడం మొదలుపెట్టింది. ప్రతి పేరు కింద వాళ్ళకు దేనిమీద ఆసక్తో రాసి ఉంటుందట. నాకు ఆ రాత అక్కరలేదు. వాళ్ళ గదులు తెలుసు.

మొదటి ఆయన ఆసక్తి నిద్ర. రాత్రి షిఫ్టు చేసేవాళ్ళకు నిద్ర ఎలా చెడిపోతుందో చూస్తాడు. ఆయన మాత్రం మధ్యాహ్నం కుర్చీలో హాయిగా నిద్రపోయేవాడు. నేను చీపురు చప్పుడు కాకుండా ఊడ్చి వచ్చేదాన్ని. రెండో ఆమెకు చిన్నపిల్లల కోపం. ఆమె గది నిండా గుడ్డబొమ్మలుండేవి. పిల్లలు చేతులు పీకేస్తే కుట్టిపెట్టమని నాకిచ్చేది. కుట్టి ఇస్తే మళ్ళీ పీకేవాళ్ళు. వాళ్ళు పీకుతుంటే చూడడమే ఆమెకు కావాలట. మూడో సారుకు ముసలివాళ్ళ మతిమరుపు. ఒకరోజు నన్ను కూర్చోబెట్టి పది మాటలు చెప్పాడు, కాసేపయ్యాక అప్పజెప్పమన్నాడు. తొమ్మిది చెప్పాను. పదోది గొడుగు అని ఇల్లు చేరాక గుర్తొచ్చింది. మరునాడు పోయి చెప్తే ఇక లెక్కలోకి రాదన్నాడు.

నాలుగో పేరు ఆ మేడంది. ఆమె ఆసక్తి దుఃఖం. సముద్రం మీదికి పోయి తిరిగి రాని మగవాళ్ళు, శవం కూడా దొరకని వాళ్ళు ఉంటారు. వాళ్ళ భార్యలు ఆ దుఃఖాన్ని ఎలా మోస్తారో ఆమె ఏళ్ళ తరబడి రాస్తోంది. నా మనవరాలికి కావలసింది ఆమే.

"మతిమరుపు సారు దగ్గర చేరు. మంచాయన. గసరడు, విసుక్కోడు."

"నాకు మతిమరుపు మీద ఆసక్తి లేదవ్వా."

"ఆసక్తేంది ఆసక్తి? సీటు వస్తే చాలదా?"

"నీకు ఎట్టా చెప్పేది! ఇదో, నేను రాసి పంపింది చదువుతా, విను. అప్పుడన్నా నీ మనసు కరుగుతాదేమో."

ఇంగ్లీషులో రాసినదాన్ని తెలుగు చేసి చదివింది. నేను చాటలో కందిపప్పు పోసుకుని రాళ్ళు ఏరుతున్నాను. చిన్నప్పుడు ఒక ఆడమనిషి మాట చదివాననీ, అది తనను ఇప్పటికీ వదల్లేదనీ, అందుకే ఈ చదువులోకి వచ్చాననీ రాసుకుంది. ఆ మాట ఇదీ: "ఆయన పోయిన దినం తీగమీద ఆరేసిన చొక్కా ఇంకా అట్నే ఉంది. దాన్ని నేను తీస్తే, ఆయన రాడని నేనే చెప్పినట్టు అవుతాది."

నా చెయ్యి పప్పులోనే ఆగిపోయింది.

"ఈ మాట యాడ చదివినావు?"

"నా లెక్కల నోటుబుక్కులో. నువ్వే గదా కుట్టిచ్చినావు, ఒకపక్క ఖాళీగా ఉండే కాగితాలతో. గుణకారాలు చేస్తా చేస్తా వెనక్కి తిప్పి చదివేదాన్ని. ఆ బుక్కులు ఏమైపోయినాయో."

"నువ్వు రాసింది పంపి ఎన్నాళ్ళయింది?"

"పది దినాలు. రేపు ఇంటర్వ్యూలో కూచునే అందరి చేతుల్లో ఉంటుంది. మేడం చదువుతుందిలే, అదే నా ధైర్యం."

నా భయమూ అదే. చాట పక్కన పెట్టాను.

మా డిపార్ట్‌మెంటులో ఒక పద్ధతి ఉండేది. బల్లమీద ఉన్న కాగితం ఎంత చిత్తుగా ఉన్నా ముట్టకూడదు. తలుపు పక్కన నేలమీద పెట్టింది ఎంత తెల్లగా ఉన్నా చెత్త. నేను చేరిన మొదటి రోజే ఆఫీసాయన ఈ సంగతి చెప్పాడు. నేలమీద పెట్టినవాటిలో ఒకపక్క ఖాళీగా ఉన్న కాగితాలు ఏరి ఇంటికి తెచ్చుకునేదాన్ని. ఎవరూ వద్దనలేదు. ఒకపక్క మంచిగా ఉన్న కాగితాన్ని కుప్పలో వేయడం నావల్ల కాదు. ఇంట్లో కత్తిరించి, దబ్బనంతో కుట్టి, పాత క్యాలెండరు అట్ట వేసి పిల్లకు నోటుబుక్కులు చేసేదాన్ని.

అది వానల నెల. పిల్లకు ఎనిమిదేళ్ళు. ఒక పొద్దున ఏడింటికి మేడం గది తలుపు తీస్తే, పైకప్పు కారి బల్లంతా తడిసి ఉంది. తలుపు పక్కన నేలమీద ఒక కాగితాల కట్ట, సుబ్బరంగా, పొడిగా. ఒకపక్క అరవంలో అచ్చు అక్షరాలు, వాటి మధ్య చేతిరాత. రెండోపక్క ఖాళీ. నాకు అరవం మాట్లాడడం వస్తుంది, చదవడం రాదు. మూడో తరగతి వరకు నేను చదివింది తెలుగే. కట్టను సంచిలో వేసుకున్నాను. ఆ సాయంత్రమే పైఅంచూ కిందిఅంచూ కత్తిరించి అయిదు నోటుబుక్కులు కుట్టేశాను.

మూడు రోజులకు డిపార్ట్‌మెంటులో వెతుకులాట మొదలైంది. మేడం కింద చదివే ఒక పిల్ల నెలల తరబడి జాలర్ల పేట వైతికుప్పంలో ఇల్లిల్లూ తిరిగి, ఆడవాళ్ళను అడిగి రాసుకున్న కాగితాలు కనపడడం లేదు. వాన కారుతోందని సాయంత్రం బల్లమీద నుంచి తీసి, తడి లేని చోట, తలుపు పక్కన నేలమీద పెట్టి పోయిందట. మా పద్ధతి ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

ఇంటికి వచ్చి నోటుబుక్కు తిప్పి చూశాను. ఒక్కో కాగితం చివర, ఆ మాటలు చెప్పిన ఆడమనిషిది కాబోలు, నీలం వేలిముద్ర. ఇటుపక్క నా మనవరాలు ఏడో ఎక్కం రాసి ఉంది.

నన్ను పర్మనెంటు చేస్తామన్న ఏడాది అది. భయపడ్డాను. నోరు తెరవకపోవడానికి వేరే కారణం ఏమీ లేదు.

మేడం ఆ పిల్లను అన్న మాటలు నేను మెట్లు ఊడుస్తూ విన్నాను. నమ్మి చెప్పుకున్నవాళ్ళ మాటలు పోగొట్టావనీ, నీకు ఈ పని పనికిరాదనీ అంది. ఆ పిల్ల మళ్ళీ వైతికుప్పం పోయింది. ఒకరోజు మధ్యాహ్నం వచ్చి నా పక్కన మెట్టుమీద కూర్చుని ఏడ్చింది. ఒక అవ్వ మొదటిసారి తీగమీది చొక్కా గురించి గంటసేపు చెప్పిందట. రెండోసారి పోతే తలుపు దగ్గరే నిలబెట్టి, "నీ కోసం ఒకసారి ఏడిచినా గదమ్మా, మళ్ళీ ఏడవమంటావా?" అందట. నేను ఆ పిల్లకు నీళ్ళిచ్చాను. అంతే చేశాను. రెండు నెలలకు ఆ పిల్ల చదువు మానేసి వెళ్ళిపోయింది.

మా పిల్ల నిద్రపోయాక నోటుబుక్కులు తీసేశాను. వేలిముద్రలున్న కాగితాన్ని పొయ్యిలో పెట్టలేకపోయాను. తిరిగి ఇద్దామంటే అంచులు కత్తిరించి ఉన్నాయి, అట్టలమీద పిల్ల పేరు, తరగతి. ట్రంకు పెట్టె అడుగున పాత చీరల కింద పెట్టి తాళం వేశాను.

ఆ తాళం ఇప్పుడు తీశాను. పిల్ల ముందు సంబరపడింది. "అయ్యో, దాచినావా అవ్వా!" అంటూ ఒకటి తిప్పింది. నేను నిలబడే, జరిగింది జరిగినట్టు చెప్పాను. అది నోటుబుక్కు మూసేసింది.

"చెత్త కాగితాలని చెప్పినావే నాకు!"

"నేనూ చెత్తే అనుకున్నా. మూడు దినాలకు తెలిసింది."

"తెలిసినాక పదిహేనేండ్లు ఏం చేసినావు?"

"గమ్మునున్నా."

కోడలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "పొయ్యిలో ఏసేద్దాం. ఎవురికి తెలుస్తాది?"

"అమ్మా, ఆ చొక్కా మాట నేను రాసి పంపేసినా! మేడం చదివిందంటే ఆ కాగితాలు మా ఇంట్లో ఉన్నట్టు తెలిసిపోతాది. దొంగసొత్తు చూపించి సీటు అడిగినట్టు గదా నేను?"

"నీకప్పుడు ఎనిమిదేండ్లు," అన్నాను.

"రాసి పంపినప్పుడు ఇరవైమూడు!" అరిచింది. "వేరే పేరు రాసినా అదే కాగితం చదువుతారు. నేను పోనే పోను. నీ చీపురూ నీ పొదుపూ నా చదువును ఊడ్చేసినాయి."

ఈ ఇంట్లో నన్ను అంత మాట ఎవరూ అనలేదు. ఇంకోరోజైతే ఊరుకునేదాన్ని కాదు.

"పోతావు," అన్నాను. "నీకంటే ముందు నేను పోతా. నేను చెప్పినాక నువ్వు లోపలికి పో."

"చెప్తే మేడం నన్ను గెంటేస్తే?"

"గెంటితే గెంటనీ. దొంగ అనిపించుకునేది నువ్వు కాదు."

అది అన్నం ముట్టలేదు. ఆ అన్నంలో నీళ్ళు పోసి మూత పెట్టాను.

మరునాడు పొద్దున ఆ చద్దన్నమే ఇద్దరం తిన్నాం. బస్సులో మాట్లాడుకోలేదు. నోటుబుక్కుల సంచి నా ఒళ్ళో ఉంది. తొమ్మిదిన్నరకు డిపార్ట్‌మెంటు చేరాం. పిల్లను వరండా బెంచీమీద ఉండమని, అలవాటుగా చెప్పులు బయట విడిచి, మేడం గదిలోకి పోయాను.

ఆమె జుట్టు తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి, "ఏమ్మా, ఎన్నాళ్ళయింది!" అని అరవంలో నవ్వుతూ పలకరించింది. అయిదు నోటుబుక్కులూ ఆమె బల్లమీద పెట్టాను.

"ఇవి మీ వైతికుప్పం కాగితాలమ్మా. తీసుకుపోయింది నేను. ఆ పిల్ల పోగొట్టలేదు."

ఆమె ఒకటి తెరిచింది. గుణకారాలు చూసింది. వెనక్కి తిప్పింది. చాలాసేపు చదివింది. నవ్వు ఎప్పుడో పోయింది.

"ఆ పిల్లను నేను ఏమేం అన్నానో నీకు తెలుసా?"

"తెలుసమ్మా. మెట్లమీద ఉన్నాను."

"అప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"పర్మనెంటు చేస్తారనుకున్నా. చెప్తే తీసేస్తారని భయం."

ఆమె నన్ను తిట్టలేదు, కూర్చోమనీ అనలేదు. ఫోను తీసి ఎవరికో చేసింది, రెండు ముక్కలు చెప్పి నా చేతికిచ్చింది. అవతల ఆ పిల్లే. ఇప్పుడు వేరే ఊళ్ళో బడిలో పాఠాలు చెప్తోందట. నేను ఎవరో చెప్పాను. ఏం చేశానో చెప్పాను. తప్పు నాదే అన్నాను.

అవతల నుంచి, "చొక్కా అవ్వ కాగితం ఉందా?" అని అడిగింది.

"ఉందమ్మా."

"చదవండి."

నాకు అరవం చదవడం రాదని చెప్పి, వరండాలోంచి పిల్లను కేకేశాను. బడిలో అరవం చదువుకున్న మనవరాలు వచ్చి, ఫోను చెవి దగ్గర పెట్టుకుని, రెండో నోటుబుక్కు తీసి ఆ కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివింది. అంతా విన్నాక అవతలి ఆమె, క్లాసుకు టైమైందని చెప్పి పెట్టేసింది.

మేడం పిల్లను చూసి, "నువ్వు రాసి పంపిన మాట ఇదేనా?" అంది.

"అవును మేడం. యాడి నుంచి వచ్చిందో నిన్న సాయంత్రం దాకా నాకు తెలీదు."

"లోపల అందరి ముందూ అడుగుతాను. చెప్తావా? మీ అవ్వ సంగతి కూడా?"

పిల్ల నావైపు చూసింది.

"చెప్పనీ," అన్నాను.

పదకొండు దాటాక పిలిచారు. పిల్ల లోపలికి పోయింది. నేను బెంచీమీద కూర్చున్నాను. పన్నెండు కాకముందే బయటికి వచ్చి, అడిగినవన్నీ ఉన్నదున్నట్టు చెప్పేశానంటూ ఫారం చూపించింది. ఖాళీగా ఉన్న గీతమీద మేడం పేరు పిల్ల చేతిరాతలో ఉంది. కింద మేడం సంతకం ఉంది. నోటుబుక్కులు ఆమె బల్లమీదే ఉండిపోయాయి. మేడం మళ్ళీ నాతో మాట్లాడలేదు. నేను చెప్పులు వేసుకున్నాను. వచ్చిన బస్సెక్కి ఇంటికి వచ్చేశాం.