అమ్మ చదివిన రొట్టెలు

పక్కన కూర్చుని చూస్తే చాలు, జొన్నరొట్టె తట్టడం వచ్చేస్తుందనుకున్న తెలివిగలదాన్ని నేను. పెళ్లి కుదిరాక, జహీరాబాదు ఇంట్లో అమ్మ నన్ను పొయ్యి ముందు కూర్చోబెట్టింది. అత్తగారింట్లో పరువు పోతుందని నాకు గుబులు. అమ్మేమో నేను కాల్చిన ప్రతి రొట్టెనూ వెలుగుకు ఎత్తి, చుట్టుపక్కల ఊళ్ల పటంలా చదివేది.

“గీ మూలకు రాయికోడ్, గా మూలకు మొగుడంపల్లి. గిది తినాల్నా, పట్టుకొని బస్సెక్కాల్నా బిడ్డా?”

నవ్వి నవ్వి నా గుబులే అలిసిపోయేది. ఆ వంకర రొట్టెలన్నీ మాత్రం నాకు పెట్టకుండా తనే తినేసేది.

అమ్మ పోవడానికి ముందు ఏడాది, చేతులు వణికి ఆమె తట్టిన రొట్టె అంచు విరిగింది. నేను దాన్ని వెలుగుకు ఎత్తాను.

“అమ్మా, చిరాగ్‌పల్లి ఏడికి పోయిందే?”

అమ్మ పడీ పడీ నవ్వింది. ఆ రొట్టె మాత్రం ఆమెకు దక్కనివ్వలేదు. మొత్తం నేనే తినేశాను.