శుభం పడ్డాక నవ్విన మనిషి

1988. నల్లగొండలో నా వీడియో లైబ్రరీ అగ్గిపెట్టెకు తమ్ముడు. లోపలికి ఈగ రావాలంటే నేను బయటికి పోవాలి. అయినా జిల్లాలో సగం పెళ్లిళ్లు నా క్యాసెట్లు అందితేగానీ ముహూర్తం పెట్టుకునేవి కావు.

కిరాయికిచ్చేవన్నీ కెమెరా ప్రింట్లే. అంటే, థియేటర్‌లో ఒకడు శాలువా చాటున కెమెరా పెట్టి తెర మీది బొమ్మను పట్టేవాడు. ముందు వరుస తలకాయలు, దగ్గులు, తుమ్ములు అదనం. గిరాకీ తగ్గిన సినిమా ఉన్న టేపు మీదే కొత్తది ఎక్కించేవాళ్లం.

ఒక పొద్దున పానగల్ రైతు ఒకాయన క్యాసెట్‌ను తేలును పట్టినట్టు పట్టుకొచ్చాడు.

“గిండ్ల ఎవడో ఉన్నడు సేటూ. శుభం పడ్డంక నవ్వుతాండు.”

వారం తిరక్కముందే క్యాసెట్‌లో దయ్యముందన్న పుకారు పాకి, కుక్కలు కూడా నా దుకాణం ముందు నడవడం మానేశాయి. నేనే పెట్టి చూశాను. శుభం పడింది. తెర నిండా చుక్కలు. వాటిలోంచి మసకగా ఒక హాలు తేలింది. ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది, ఆ ఏడుపు మీద ఒక మగగొంతు పగలబడి నవ్వుతోంది. నా ఒంటి మీది వెంట్రుకలు లేచి చొక్కా బొత్తాలు ఊడగొట్టాయి.

ఆలోచిస్తే తెలిసింది. కొత్త సినిమా పొట్టిది, దాని వెనక పాతదాని తోక మిగిలింది. ఏడుపు ఆ పాత సినిమాలోది, నవ్వు హాల్లో కూర్చున్న ప్రేక్షకుడిది. చెరిపేయబోతుంటే, ఈ పుకారు విని నకిరేకల్ నుంచి ఒకామె వచ్చింది. దర్జీ భార్య. భర్త ఆ మధ్యనే లారీ కింద పడి పోయాడట.

వినిపించాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“మా ఇంటాయననే. సినిమాల ఎవలన్న ఏడిస్తె గట్లనే నవ్వెటోడు, ఇజ్జత్ తీసెటోడు. చెరపకు అన్నా. జర మళ్ల పెట్టు.”

మళ్లీ మళ్లీ పెట్టించుకుంది. పెట్టేకొద్దీ నవ్వు సన్నబడింది. టేపు హెడ్‌కు, అంటే దాన్ని చదివే మొనకు, రాసుకున్నప్పుడల్లా కాస్త పొడి రాలుతుందని చెప్పాను.

“గట్లయితె అరిగిన నవ్వు ఏడికి పోతది?”

హెడ్ తుడిచిన దూది చూపించాను. తుప్పురంగు మరక. ఆమె దాన్ని అందుకుని కొంగున ముడేసుకుంది. క్యాసెట్ కూడా ఇచ్చేశాను.

తర్వాత పోలీసులు నా క్యాసెట్లను ఊరేగించి తీసుకుపోయారు. మిగిలిన దుకాణాన్ని కేబుల్ టీవీ మింగింది. తెర మీది వాళ్లనే దొంగిలిస్తున్నామనుకున్నాం. చీకట్లో కూర్చున్నవాళ్లనూ మోసుకొచ్చామని ఆమె వల్ల తెలిసింది. ఆమె వచ్చిన రోజు నుంచి హెడ్ తుడిచిన దూదిని పారేయలేక సీసాలో వేస్తూ వచ్చాను. సీసా ఇంట్లోనే ఉంది. మూత తీసే ధైర్యం మాత్రం ఇంతవరకు రాలేదు.