ఆఖరి మొనతో వేసిన అతుకు

నంద్యాలలో నేను పాఠాలు చెప్పే ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపులో ఒక పాత మిల్లింగ్ మిషను ఉంది. నా పీహెచ్‌డీ అంతా దాని మీదే. స్టెయిన్‌లెస్ స్టీలును, మామూలు స్టీలును కరిగించకుండా అతకాలి. గిర్రున తిరిగే గట్టి మొనను రెండు పలకల నడుమకు దింపితే, రాపిడి వేడికి అవి మెత్తబడి, సంగటి కెలికినట్టు కలిసిపోవాలి. పుస్తకాల్లో కలిసిపోతాయి. నా దగ్గర మొనలే విరిగాయి. గడువు పొడిగించడం ఇదే ఆఖరని గైడు గారు చెప్పేశారు. మిగిలింది ఒకే ఒక్క మొన.

దానితో అతుకు పడింది. మొన పోయింది గానీ, అతుకు నున్నగా, చూడముచ్చటగా వచ్చింది. బాగున్న చోట పరీక్షకు ఒక్క ముక్క కోయగలిగాను. దాన్ని ఆ సాయంత్రం ఆళ్లగడ్డకు తెచ్చి నాయనకు చూపించాను.

నాయన శిల్పులకు ఉలులు చేసిన కమ్మరి. మెత్తని ఇనుప కాడకు గట్టి ఉక్కు మొనను కొలిమిలో కాల్చి, కొట్టి అతికేవాడు. ఆ సుత్తి మోతకే చెవులు పోయాయి. అతికిన ఉలిని రెండు వేళ్లతో వేలాడదీసి, తట్టి, మోగే తీరు చూడనిదే ఎవరికీ ఇచ్చేవాడు కాదు.

నా ముక్కనూ అట్లే పట్టుకుని తట్టాడు. కళ్లు మూసుకున్నాడు.

"లోపల పట్టల్యాదప్పా. పైపైన కరుసుకోనుండాది."

నాకు ఒళ్లు మండింది. వినపడని మనిషికి లోపలి సంగతి ఏం తెలుస్తుంది? మర్నాడు బస్సు నంద్యాల చేరేదాకా అదే అనుకుంటూ ధైర్యం తెచ్చుకున్నాను. సిగ్గు లేకుండా మా నాయన చెవుడు మీద ఆశ పెట్టుకున్నాను.

ముక్కను లాగి పరీక్షించే మిషనులో బిగించాం. ముల్లు కాస్త కదిలిందో లేదో, టక్కుమని విరిగింది. పైన వెంట్రుకవాసి అతికింది. లోపల ఏ స్టీలు ముఖం ఆ స్టీలుదే, పలకలు కోసినప్పటి గీతలు కూడా చెరగలేదు. గైడు గారు ముక్కలను కాగితంలో చుట్టి నా చేతికిచ్చారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆరేళ్ల చదువు అక్కడితో అయిపోయింది.

ఇంటికొచ్చేసరికి నాయన వాకిట్లోనే కూర్చున్నాడు.

"ఏమాయప్పా?"

"అతికింది నాయనా!" వీధంతా వినపడేలా అరిచాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. తన మాట తప్పినందుకు అంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు. చెయ్యి చాపాడు.

"ఇట్లియ్యి. మళ్లొకసారి తట్టి సూస్తా."

సంచిలో అది రెండు ముక్కలుగా ఉంది.