జోసఫిన్ ఆంటీ ట్రక్ షీట్

మా ఆఫీస్ కామన్ ఫోల్డర్ తెరిస్తే ముందు కనబడేది మా మర్యాద. "ట్రక్ షీట్" అని ఒక ఫైల్ ఉంటుంది. దాని కింద "ట్రక్ షీట్ రఘువీర్ కాపీ", "ట్రక్ షీట్ చంద్రిక కొత్తది", "ట్రక్ షీట్ ఇదే వాడండి", ఆ కింద "అది కాదు, ఇది వాడండి". చంద్రికని నేనే. ఆ చివరి రెండూ కూడా నావే, దాచడం దేనికి.

అమెరికాలో బెంటన్‌విల్ అనే ఊళ్లో కుక్కబిస్కెట్లు అమ్మే కంపెనీ మాది. ఏ స్టోర్‌కి ఏ రోజు ఏ ట్రక్ వెళ్లాలో అంతా ఆ షీట్‌లో ఉంటుంది. బుధవారం మధ్యాహ్నానికి అది పూర్తి చేస్తే మా మేనేజర్ ఎవాన్ గోడౌన్‌కి పంపిస్తాడు. దాన్ని మొదట తయారుచేసింది జోసఫిన్ ఆంటీ. అందుకని అందులో ఇంకెవ్వరం చెయ్యి పెట్టం.

ఎవాన్ అమెరికన్. అతనికి ఈ ముక్క ఎంత చెప్పినా ఎక్కదు. "అందరికీ ఎడిట్ పర్మిషన్ ఇచ్చాను కదా" అంటాడు. ఇచ్చావు నాయనా. పర్మిషన్ ఉంది కదా అని పెద్దావిడ వండుతున్న గిన్నెలో గరిటె పెట్టేస్తామా? ఎవరి కాపీ వాళ్లం తీసుకుని, మా మార్పులేవో చేసి, ఫోల్డర్‌లో పడేసి, "ఆంటీ, మీరొకసారి చూసి కలపండి" అంటాం. ప్రతి బుధవారం పొద్దున్నే వచ్చి ఆవిడ వాటన్నిటినీ ఒక్కటి చేస్తుంది. "మీ కాపీలు కలపలేక నా ప్రాణం పోతోంది" అని సణుగుతుంది. సణిగేటప్పుడు ఆ మొహం చూడాలి, వెలిగిపోతూ ఉంటుంది.

ఆవిడది నరసాపురం. అక్కడ మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పేది. భర్త సుందర్ రాజ్ గారి ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి, కూతురు ఫెబీ కాలేజీకి వెళ్లాక కంప్యూటర్ నేర్చుకుని మా ఆఫీస్‌లో చేరింది. వాళ్ల తెలుగు చర్చిలో క్రిస్మస్ భోజనాలకి ఎవరు ఏం తేవాలో కూడా ఆవిడ షీటే. ఒకసారి నన్నూ పిలిచింది. నేను పులిహోర తీసుకెళ్లేసరికి టేబుల్ మీద నా పేరుతో స్టిక్కర్ రెడీగా ఉంది, పక్కన "కారం ఎక్కువ" అని. ఇంకా మూత తియ్యలేదు, రుచి చూడలేదు. నాకు ఒళ్లు మండింది. తర్వాత తిని చూస్తే కారం ఎక్కువే. మాది తెనాలి, మేమేం చేస్తాం.

మొన్న వేసవిలో ఫెబీకి నెలలు నిండుతున్నాయి. ఇక్కడికి కార్లో ఐదారు గంటల దూరం, ఇర్వింగ్‌లో ఉంటుంది ఆ అమ్మాయి. అంతకుముందు ఒక కాన్పులో బిడ్డ దక్కలేదు. అప్పుడు కబురొచ్చిన రోజు బుధవారం. షీట్ పూర్తి చేసి బయల్దేరిన ఆంటీ ఆస్పత్రికి చేరేసరికి అంతా అయిపోయింది. కూతురు ఒక్క మాట అనలేదట. "తిట్టినా బాగుండేది చంద్రికా" అని ఒకసారి నాతో అంది. ఈసారి ముందుగానే వెళ్లి కూతురి పక్కనే ఉండాలని ఆవిడ పట్టుదల. ఎవాన్ కాదనలేదు. "మీరు లేకుండా షీట్ నడుస్తుందని ఒక్క బుధవారం చూపించండి, హాయిగా వెళ్లండి" అన్నాడు.

ఆ బుధవారం పొద్దున్నే ఆంటీ కాపీలన్నీ తీసేసింది. "ఇకనుంచి ఒక్కటే ఫైల్. అందరూ అందులోనే రాయండి, నేను ముట్టుకోను" అని మా అందరికీ చెప్పి తన సీట్లో కూర్చుంది.

నేను షీట్ ఓపెన్ చేశాను. ఎవరెవరు లోపలున్నారో పైన పేర్లు కనబడతాయి కదా. మొదటి పేరు జోసఫిన్. ఆవిడ చూస్తుండగా రాయడమేమిటని బయటికొచ్చేశాను. కాసేపాగి వెళ్తే రఘువీర్ ఉన్నాడు. సరే, అతను కానిస్తాడని మళ్లీ వచ్చేశాను. అతను నా పేరు చూసి, అక్క రాస్తోంది కదా అని వెళ్లిపోయాడట. మిగతావాళ్లదీ ఇదే వరస. పెళ్లి భోజనాల దగ్గర "ముందు మీరు కూర్చోండి" అంటూ అందరూ నిలబడే ఉంటారే, అలా అయింది మా పని. పదకొండు దాటినా షీట్ ఖాళీ. పైగా ఫోల్డర్‌లో "రఘువీర్ కాపీ" మళ్లీ పుట్టింది.

నేనిక ఆగలేకపోయాను. లేచి ఆంటీ సీటు దగ్గరికి వెళ్లాను.

"ఆంటీ, ఆ షీట్ మూసెయ్యండి."

"నేనేం చేస్తున్నాను? ఊరికే చూస్తున్నానంతే."

"ఆ చూడటమే వద్దంటున్నా. టీచర్ వెనకాల నిలబడితే పిల్లలకి చెయ్యి ఆడుతుందా?"

"తప్పులు రాస్తేనో?"

"దిద్దుకుంటాం. మహా అయితే కుక్కలు ఒక రోజు ఆలస్యంగా బిస్కెట్లు తింటాయి. మీరు మళ్లీ ఫెబీ దగ్గరికి ఆలస్యంగా వెళ్తారా?"

నోరు జారాను. ఆవిడ మొహం పాలిపోయింది. లాప్‌టాప్ మూసి, బ్యాగ్ తీసుకుని, పార్కింగ్‌లో తన కార్‌లోకి వెళ్లి కూర్చుంది. కిటికీలోంచి కనబడుతూనే ఉంది.

"నేను మొదలుపెట్టనా అక్కా?" అన్నాడు రఘువీర్. "కానివ్వు" అన్నాను. అతని వెనకే అందరం దిగాం. అతను కంగారులో ఒకే స్టోర్‌కి రెండు ట్రక్కులు రాసేశాడు. అతని వరుసలో నేనే చెయ్యి పెట్టి దిద్దాను. భూమి బద్దలవలేదు. "థాంక్స్ అక్కా" అన్నాడు, అంతే. మధ్యాహ్నానికి ఎవాన్ షీట్ పంపించేశాడు.

నేను కార్ దగ్గరికి పరిగెత్తాను. ఆంటీ అద్దం దించింది.

"అయిందా?"

"అయింది. ఒక్క తప్పు. నేనే దిద్దాను. ఇందాక అన్నదానికి ఏమీ అనుకోకండి ఆంటీ."

"ఉన్నమాటే అన్నావులే." కళ్లు తుడుచుకుంది. "అయితే నేను లేకపోయినా జరుగుతుందన్నమాట."

జరుగుతుందని చెప్పడానికి నాకు బాధేసింది. అయినా చెప్పాను. ఆవిడ ఫోన్ తీసి ఫెబీకి చేసింది. "అమ్మలూ, శనివారం వచ్చేస్తున్నా" అంది.

మనవరాలు పుట్టింది. తల్లీబిడ్డా క్షేమం. ఆ తర్వాతి బుధవారం టల్సా ఊరికి వెళ్లే ట్రక్ విషయంలో నాకు అనుమానమొచ్చి, అలవాటు కొద్దీ ఇర్వింగ్‌కి ఫోన్ కొట్టాను.

"ఆంటీ, ఆ టల్సా ట్రక్..."

"ఏ ట్రక్? ఉండవే, పాపకి నీళ్లు పోస్తున్నా, కళ్లలో సబ్బు పడుతుంది" అని పెట్టేసింది.

ఇన్నేళ్లలో షీట్ గురించి చేసిన ఫోన్ ఆవిడ పెట్టెయ్యడం అదే మొదటిసారి. తిరిగి చేస్తుందేమోనని ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. చెయ్యలేదు. మనసు కాస్త చివుక్కుమంది, ఆ వెంటనే నవ్వొచ్చింది. టల్సా వరుసలో నాకు తోచింది నేనే రాసేశాను.